ఆవ పెట్టిన కూర

మా తమ్ముడు నా చేతి వంట తిని పదకొండేళ్ళయింది.

ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి నుంచి తిన్నగా మా ఇంటికే వస్తాడు. చేతిలో తన స్టీలు క్యారేజీ, సంచిలో తన మంచినీళ్ళ సీసా ఉంటాయి. మా భోజనాల బల్ల దగ్గరే, మావారి పక్కనే కూర్చుంటాడు. మేం మా కంచాల్లో మా కూర వేసుకుంటాం, వాడు తన గిన్నెలో తన కూర తింటాడు. చుట్టాలెవరైనా ఉన్న రోజున మొదట్లో నాకు తల కొట్టేసినట్టుండేది. ఇప్పుడు ఆ సిగ్గు పోయింది. వచ్చి కూర్చుంటున్నాడు, అదే పదివేలు అనుకుంటాను. పైకి అలా అనుకుంటానే గాని, వాడు క్యారేజీ మూత తీసిన ప్రతిసారీ నాకు ముద్ద దిగదు.

పాతికేళ్ళ పైగా హైస్కూల్లో సోషల్ చెబుతున్నాను. తప్పు చేసిన పిల్లల్ని నిలబెట్టి, ఎందుకు చేశావని నిలదీయడం నా ఉద్యోగంలో భాగమే అనుకునేదాన్ని. నా నోరు పెద్దది, కోపం దానికన్నా పెద్దది. ఆ ప్రశ్న నన్ను నేను వేసుకోవడానికి మాత్రం ఇన్నేళ్ళు పట్టింది.

అమ్మ పోయేటప్పటికి వాడికి ఆరేళ్ళు, నాకు పద్దెనిమిది. నాన్నగారు బడిపంతులు. ఊళ్ళో పిల్లలందరికీ పాఠం చెప్పడం తెలుసు గాని, ఇంట్లో పిల్లాడికి అన్నం తినిపించడం తెలియదు. ఆ పని నాకొచ్చింది. పెళ్ళి మాటలప్పుడే తమ్ముడు నాతోనే ఉంటాడని చెప్పేశాను. మావారు పోస్టాఫీసు ఉద్యోగి, నెమ్మదస్తుడు. "ఆయ్, ఇద్దరికి వండిన పొయ్యి మీద ముగ్గురికి ఉడకదేంటండి" అన్నారు. మాకు పిల్లలు కలగలేదు. వాడుండగా ఆ లోటు నాకు పెద్దగా తెలియలేదు.

చిన్నప్పట్నించీ వాడికి ఆవ పెట్టిన కూరంటే ప్రాణం. మా రాజోలు వైపు కందబచ్చలి గాని, అరటికాయ గాని, పనసపొట్టు గాని వండితే, ఆవాలు నానబెట్టి మెత్తగా నూరి, కూర పొయ్యి మీంచి దించాక కలుపుతాం. ఉడుకుతుండగా కలిపితే చేదెక్కిపోతుంది. ఆ ఘాటు ముక్కులోకెక్కి కళ్ళంట నీళ్ళు కారుతుంటే వాడు పకపకా నవ్వేవాడు. "ఇంకొంచెం వెయ్యక్కా" అనేవాడు. ఏడుస్తూ నవ్వుతూ తినే ఆ మొహం నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంటుంది.

బీఈడీ చేసి అమలాపురంలో ఒక ప్రైవేటు బళ్ళో లెక్కలు చెప్పేవాడు. ఇరవై ఏడో ఏట జబ్బు మొదలైంది. మొదలైందని ఇప్పుడంటున్నాను, అప్పుడు నాకేమీ తెలియలేదు. క్యారేజీ తెరవకుండా ఇంటికి తెచ్చేసేవాడు. ఆకలి వెయ్యలేదనేవాడు. ఒకరోజు గట్టిగా అడిగితే గొంతు తగ్గించి చెప్పాడు.

"స్టాఫు రూములో నా క్యారేజీ తీసి ఏదో కలుపుతున్నారక్కా. నేను రాగానే మాటలు ఆపేస్తున్నారు."

"ఎవరికి పని లేదురా నీ క్యారేజీతో? పిచ్చి వాగుడు వాగకు" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చిందో. తరగతిలో రోజుకి పదిసార్లు అనే మాటే.

బుద్ధి చెబితే పోతుందనుకున్నాను. ఒకపూట కసిరాను, ఒకపూట బతిమాలాను. నిద్ర పోవడం మానేశాడు. స్నానం మానేశాడు. కిటికీలు మూసేసి కూర్చునేవాడు. హోటల్లో కాఫీ ముట్టడు, పెళ్ళిలో భోజనం ముట్టడు. చర్చిలో ప్రభు బల్ల నాడు రొట్టె పళ్ళెం తన దగ్గరికి వస్తే పక్కవాళ్ళకి అందించేశాడు. "బయటిదేదీ నాకొద్దక్కా, నీ చేత్తో పెట్టింది తప్ప" అనేవాడు. ఆ మాట వినడానికి నాకు గర్వంగా ఉండేది. ఒళ్ళు తెలియని గర్వం.

ఉపవాస ప్రార్థనలు పెట్టించాను. ఆ ప్రార్థనకి వచ్చిన పాస్టరుగారే, మేం అయ్యగారంటాం, వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి నన్ను పక్కకి పిలిచారు. "టీచరమ్మా, ప్రార్థన నేను చేస్తానండి. మీరు మాత్రం డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. ఇది మానసిక జబ్బులా ఉందండి. మా మేనమామకి ఇలాగే వచ్చింది, దాచి దాచి పాడు చేసుకున్నాం" అన్నారు. ఆయన అలా అనడం నాకు నచ్చలేదు. మా ఇంట్లో మానసిక జబ్బేమిటి? సంబంధాలు చూస్తున్న కుర్రాడు.

ఆ సంబంధాల భయంతోనే అమలాపురంలో చూపించలేదు. అక్కడ బస్టాండు నుంచి ఆసుపత్రి దాకా నా దగ్గర చదువుకున్నవాళ్ళే ఉంటారు. కాకినాడ తీసుకెళ్ళాను, తలనొప్పికి పరీక్ష చేయిస్తానని అబద్ధం చెప్పి. యానాం వంతెన దాటుతుంటే వాడు నా భుజం మీద తల పెట్టి పడుకున్నాడు, చాలా రోజుల తర్వాత.

డాక్టరుగారు పెద్దాయన. వాడితో చాలాసేపు ఓపిగ్గా మాట్లాడారు. తర్వాత నాతో జబ్బు పేరు చెప్పారు, స్కిజోఫ్రీనియా అని. "పేరు చూసి భయపడకండమ్మా. మీ పెంపకంలో లోపమూ కాదు, ఆయన మనసులో బలహీనతా కాదు. మెదడుకి వచ్చిన జబ్బు. బీపీకి మందు వాడినట్టే దీనికీ వాడాలి. నిదానంగా చెప్పి, ఒప్పించి వేయించండి. వచ్చే నెల ఆయన్ని తీసుకురండి" అన్నారు. నేను అందులోంచి 'వేయించండి' అన్న ఒక్క ముక్క మూట కట్టుకుని ఇంటికొచ్చాను.

వాడు వేసుకోనన్నాడు. మొదటి రోజు బతిమాలితే నోట్లో పెట్టుకుని బయటికెళ్ళి ఉమ్మేశాడు. రెండో రోజు గోడ కేసి విసిరాడు. మూడో రోజు నేను కోపం పట్టలేక చెయ్యెత్తాను. నాలుగో రోజు మామూలుగా వంట మొదలుపెట్టాను. అరటికాయ వేపుడు చేద్దామనుకున్నదాన్ని, ఆవాలు నానబోశాను.

ఆవకి ఎలాగూ కొంచెం చేదుంటుంది. ఘాటు మరీ ఎక్కువ. దించాక కలుపుతాం కాబట్టి మందు ఉడికి చెడుతుందన్న బెంగ కూడా లేదు. ఇదంతా నేను చాలా తెలివిగా ఆలోచించాను. మా ఇద్దరి ఆవ ముందు తీసేసి, మిగిలినదాంట్లో మాత్ర వేసి నూరాను. ఆ ముద్ద వాడి వాటా కూరలో కలిపాను. వాడు తిన్నాడు. కళ్ళంట నీళ్ళొచ్చాయి. "ఘాటు భలే కుదిరిందక్కా" అన్నాడు.

మాత్రల అట్ట ఆవాల డబ్బాలో అడుగున పెట్టాను. మగవాళ్ళెవరూ తెరవని డబ్బా అదొక్కటే.

మావారు రెండో రోజుకే కనిపెట్టారు. "వాడికి చెప్పి ఇస్తే బాగుంటుందేమో ఆలోచించు" అన్నారు. "మీరు మీ ఉత్తరాలు చూసుకోండి" అన్నాను. ఆయన మళ్ళీ మాట్లాడలేదు. మా ఇంట్లో నా మాటకి ఎదురు చెప్పే అలవాటు ఎవరికీ లేదు, అదే మాకు పట్టిన దరిద్రం.

ఊరికి మాత్రం పచ్చకామెర్లని చెప్పాను. బడికి సెలవు చీటీలో కూడా అదే రాయించాను. దాంతో చెరుకురసం పంపేవాళ్ళు, బొండాలు దింపించి పంపేవాళ్ళు, పథ్యం చెప్పేవాళ్ళు బయల్దేరారు. ఒకనాడు నేను పెరట్లో ఆవ నూరుతుంటే పక్కింటి పిన్నిగారు గోడ మీంచి చూసి గుండె మీద చెయ్యేసుకున్నారు. "కామెర్లవాడున్న ఇంట్లో ఆవేంటండి టీచరుగారూ! చంపేస్తారేంటి పిల్లాణ్ణి?" అన్నారు. "మాకండి, వాడికి కాదండి" అన్నాను. ఆవిడ అటు వెళ్ళాక నాకు నవ్వొచ్చింది. అబద్ధానికి అబద్ధం అతుకు పెట్టుకుంటూ, దాన్ని కూడా నా తెలివి కిందే జమ కట్టుకున్నాను.

ఒక్కసారి మాత్రం దొరికిపోయేదాన్ని. కంచం ముందు కూర్చుని, ముద్ద కలుపుతూ ఆగి, వాడు నా మొహంలోకి చూశాడు.

"అక్కా, రోజూ ఆవ కూరే ఎందుకు చేస్తున్నావు? నువ్వేమైనా కలుపుతున్నావా?"

"అమ్మ మీద ఒట్టు రా. ఏమీ కలపలేదు."

తలొంచుకుని తినేశాడు.

మూడు నెలలకి వాడు మనిషయ్యాడు. ముందు నిద్ర వచ్చింది, తర్వాత కిటికీలు తెరిచాడు, తర్వాత ఒకరోజు మావారి మీద జోకు వేశాడు. ఆ జోకుకి నేను వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను. మళ్ళీ బడికి వెళ్ళడం మొదలుపెట్టాడు. సెలవు రోజుల్లో ఆవ పెరుగు పచ్చడి, బడి రోజుల్లో పొద్దున్నే కూర. కాకినాడ నేనొక్కదాన్నే వెళ్ళి మందులు తెచ్చేదాన్ని. "ఆయన తెలిసే వేసుకుంటున్నారా అమ్మా?" అని డాక్టరుగారు అడిగితే, "ఆయ్, వేసుకుంటున్నాడండి" అన్నాను. ఆయన్నీ మోసం చేశాను. ఎన్నడూ తప్పు చెయ్యనిదానిలా, బస్సులో కిటికీ పక్కన కూర్చుని కొబ్బరి తోటలు చూసుకుంటూ వచ్చాను.

అప్పుడైనా చెప్పాల్సింది. మనసు కుదుటపడింది, మాట వినే స్థితిలో ఉన్నాడు. ఇదిగో ఈ మాత్ర వల్ల నీకు తగ్గింది, ఇక నువ్వే వేసుకో అంటే పోయేది. రేపు చెబుదాం, ఆదివారం చెబుదాం అనుకుంటూ వాయిదా వేశాను. నిజం చెప్పాలంటే చెప్పడం నాకిష్టం లేదు. గెలిచాననుకున్నాను.

ఆ వాయిదాల మధ్యలోనే ఒక ఆదివారం వచ్చింది. మా చర్చిలో ప్రసంగానికి ముందు సాక్ష్యాలు చెబుతారు. దేవుడు తమకి చేసిన మేలు ఎవరైనా లేచి నలుగురి ముందు చెప్పుకోవచ్చు. వాడు మగవాళ్ళ వైపు నుంచి లేచి మైకు దగ్గరికి వెళ్ళాడు. నాకు ముందుగా చెప్పలేదు.

"నాకొచ్చింది కామెర్లు కాదండి" అని మొదలుపెట్టాడు. "మనసుకొచ్చిన జబ్బండి. అందరూ నాకు విషం పెడుతున్నారని అనుకునేవాణ్ణి. మందు కూడా విసిరికొట్టేసేను. ఆఖరికి నన్ను పెంచిన మా అక్కని కూడా అనుమానించేనండి. కూరలో ఏదో కలుపుతున్నావని మొహం మీదే అడిగేసేను. అమ్మ మీద ఒట్టు వేసేదాకా తెచ్చేను. మందు లేకుండానే ప్రభువు నన్ను బాగు చేసేరు. అక్కా, నిన్ను అలా అడిగినందుకు అందరి ముందూ అడుగుతున్నాను, నన్ను క్షమించు."

ఆడవాళ్ళ వైపు అందరూ నన్నే చూస్తున్నారు. పక్కావిడ నా చెయ్యి పట్టుకుని కళ్ళు తుడుచుకుంటోంది. వాడు మైకు దగ్గర నిలబడి నా జవాబు కోసం చూస్తున్నాడు.

నేను తల ఊపాను. క్షమించానని.

ఆ రోజు మధ్యాహ్నం కూడా ఆవ కూరే.

రెండు నెలల తర్వాత టెన్త్ పేపర్లు దిద్దడానికి కాకినాడ డ్యూటీ పడింది, వారం రోజులు. వారానికి సరిపడా ఏర్పాటు మావారికి అప్పగించాను. మాత్ర పొడి చేసి పొట్లాలు కట్టి, రోజుకొకటి పెరుగులో కలపమని చెప్పాను. ఆయన కలిపారు, కలిపినన్నాళ్ళూ ఆయనకి అన్నం సహించలేదట. నేను వచ్చే రోజున నాకు వంట చేసి పెట్టాలని తమ్ముడికి బుద్ధి పుట్టింది. సంతకెళ్ళి కొట్టిన పనసపొట్టు తెచ్చాడు. అక్క చేసినట్టే ఆవ పెడదామని ఆవాల డబ్బా తీశాడు.

నేను ఇంట్లో అడుగు పెట్టేసరికి బల్ల మీద ఒక ఖాళీ కంచం, అందులో మాత్రల అట్ట. అంతకు ముందు తను గోడకి విసిరిన మాత్ర పేరు వాడికి గుర్తుంది. వంటింట్లో పొయ్యి మీద పనసపొట్టు ఉడికి చల్లారిపోయింది. మావారు అరుగు మీద తల పట్టుక్కూర్చున్నారు.

"ఇది ఎప్పట్నించక్కా?" అన్నాడు.

ఆ ఒక్క క్షణంలో నేను వాడి కాళ్ళ మీద పడినా సరిపోయేది. నా నోరు ఊరుకుంటుందా? బ్యాగు కింద పెట్టకుండానే అందుకున్నాను. "నీ మంచికే చేసేను. అది లేకపోతే నువ్వీవేళ ఇలా నిలబడి నన్ను నిలదీసేవాడివా? చేసిన మేలుకి ఇదా నువ్వు చూపించే విశ్వాసం?"

వాడు కంచం నా వైపు జరిపాడు. "ఆయ్. మంచిదండి అక్కగారూ" అన్నాడు.

పుట్టి బుద్ధెరిగాక వాడు నన్ను మీరనడం అదే మొదలు. మా కోనసీమలో మర్యాదకి లోటుండదు. మనిషిని దూరం పెట్టాలన్నా మర్యాదగానే పెడతారు. మర్నాడు పొద్దున్నే అమలాపురంలో గది చూసుకుని వెళ్ళిపోయాడు.

మందు ఆగింది, జబ్బు తిరగబడింది. ఈసారి వాడి అనుమానానికి రుజువు కూడా ఉంది. ప్రాణంగా పెంచిన అక్కే కలిపిందంటే, ఇంకెవరు కలపరు? ఉద్యోగం పోయింది. తొక్క ఉన్నవి, చిప్ప ఉన్నవి మాత్రమే తినేవాడు. అరటిపళ్ళు, తనే ఉడకబెట్టుకున్న గుడ్లు, తనే కొట్టుకున్న కొబ్బరికాయ. నేను గది దగ్గరికి వెళితే తలుపు తీసేవాడు, కుర్చీ వేసేవాడు, "బాగున్నారా అండి, బావగారు బాగున్నారా" అని అడిగేవాడు. నేను తెచ్చిన క్యారేజీ మాత్రం గుమ్మం లోపలికి రానిచ్చేవాడు కాదు. మెడ ఎముకలు తేలిపోయాయి. ఇలా రెండేళ్ళు గడిచాయి. వాడి జీవితంలో రెండేళ్ళు, నా తెలివి ఖరీదు.

మానసిక బాధలకి ఫోను చేస్తే ఉచితంగా మాట్లాడే ప్రభుత్వ నంబరు ఒకటుందని మా హెడ్మిస్ట్రెస్ గారు చెప్పారు. బడి అయ్యాక ఖాళీ తరగతి గదిలో తలుపేసుకుని చేశాను. అవతల ఎవరో అమ్మాయి, తెలుగులోనే మాట్లాడింది. తమ్ముడి సంగతంతా గడగడా అప్పజెప్పాను. అంతా విని, "మీరెలా ఉన్నారండి?" అని అడిగింది. అన్నేళ్ళలో ఆ మాట నన్నెవరూ అడగలేదు. అడిగినా నేను చెప్పనిచ్చేదాన్ని కాదు. పిల్లల బెంచీ మీద కూర్చుని ఏడ్చాను. ఆ అమ్మాయే చెప్పింది, అమలాపురంలోనే వైద్యం దొరుకుతుందని, వాడికి నమ్మకం ఉన్న మనిషి ఎవరో ఒకరు తోడు వెళితే చాలని.

వాడికి నమ్మకం ఉన్న మనిషి నేను కాదు. అయ్యగారి దగ్గరికి వెళ్ళి చేతులు జోడించాను. ఆయన "నేను ఆరోజే చెప్పేనుగా" అనలేదు. వారానికి రెండుసార్లు ఆ గదికి వెళ్ళి వాడి ఎదురుగా కూర్చునేవారు. నాలుగు నెలలకి వాడు ఆయన స్కూటరెక్కి ఆసుపత్రికి వెళ్ళాడు. అక్కడి డాక్టరమ్మ వాడికి అంతా విడమర్చి చెప్పిందట. జబ్బు పేరు, మాత్ర పేరు, అది వేసుకుంటే నోరెండుతుంది, బరువు పెరగొచ్చు, మానేస్తే ఏమవుతుంది, అన్నీ. సీలు తియ్యని అట్ట వాడి చేతికే ఇచ్చి, "ఇది మీది, మీరే వేసుకోవాలండి" అందట. వాడు వేసుకున్నాడు. అంతే. నేను రోట్లో నూరి చేసిన పనికి ఆ రెండు మాటలు సరిపోయేవి.

ఆ ఆసుపత్రిలో నెలకోసారి రోగుల ఇంటివాళ్ళని కూర్చోబెట్టి మాట్లాడతారు. నన్నూ రమ్మన్నారు. వరండాలో పది మందిమి ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నాం. నేను ఆవ సంగతి చెప్పాను. కొబ్బరి వ్యాపారం చేసే ఒకాయన గొంతు సవరించుకుని, "మా ఆవిడకి నేను మజ్జిగలో కలిపేవాణ్ణండి" అన్నాడు. ఇంకో తల్లి పాయసంలో అంది. అందరికీ ఒక్కసారి నవ్వొచ్చింది. నవ్వి, ఒకళ్ళ మొహాలు ఒకళ్ళం చూసుకోలేకపోయాం. డాక్టరమ్మ మమ్మల్ని కసురుకోలేదు. "ప్రేమతోనే చేసేరండి, నాకు తెలుసు. కాని లేనిది ఉందనుకోవడం వాళ్ళ జబ్బు. మీరు దాన్ని ఉన్నదిగా చేసేరు. ఇక ఏది జబ్బో ఏది నిజమో వాళ్ళెలా తేల్చుకుంటారు?" అంది.

ఆ తర్వాత వాడికి చెప్పాను, మాత్ర కలిపినందుకు తప్పయిందని. ఒకసారి కాదు, చాలాసార్లు చెప్పాను. ప్రతిసారీ "పర్వాలేదండి" అనేవాడు. తిరిగి మా ఊరొచ్చాడు, మాకు రెండు వీధుల అవతల ఇల్లు తీసుకున్నాడు, టెన్త్ పిల్లలకి లెక్కల ట్యూషన్ చెప్పుకుంటున్నాడు. ఆదివారాలు రావడం మొదలుపెట్టాడు, క్యారేజీతో. ఏళ్ళు గడిచాయి. మా ఇంట్లో ఆవాలు పోపులోకే గాని రోట్లోకి వెళ్ళలేదు.

గత నెలలో ఒక ఆదివారం, వాడు తినడం అయ్యాక నేనిక ఉండబట్టలేక అడిగేశాను. "ఇన్నిసార్లు తప్పయిందన్నాను కదరా. ఒక్క మాత్ర కలిపిన పాపం ఎన్నాళ్ళు మొయ్యాలి నేను?"

వాడు గిన్నె కడిగి, తుడిచి, మూత బిగించి అప్పుడు మాట్లాడాడు. కోపంగా కూడా లేదు ఆ గొంతు.

"మాత్ర సంగతి నేనెప్పుడో వదిలేసేనండి అక్కగారూ. అది లేకపోతే నేను లేచేవాణ్ణి కాదు, నాకు తెలుసండి. కాని ఆవేళ చర్చిలో అందరి ముందూ నన్ను క్షమించమని మిమ్మల్ని అడిగితే, మీరు తల ఊపేరండి. అదే నాకు మింగుడు పడలేదు."

మావారు కంచంలోంచి తలెత్తలేదు. ఇన్నేళ్ళూ నేను క్షమాపణ చెప్పింది నాకు సులువైన తప్పుకి. ప్రేమతో చేశాను అని చెప్పుకోగల తప్పుకి. తల ఊపడంలో ఏ ప్రేమా లేదు. నా పరువు తప్ప అందులో ఇంకేమీ లేదు.

మరుసటి ఆదివారం సాక్ష్యాల సమయంలో లేచాను. మైకు రెండు చేతులతో పట్టుకున్నాను. "పదకొండేళ్ళ కిందట నా తమ్ముడు ఇక్కడే నిలబడి నన్ను క్షమాపణ అడిగేడు. వాడి అనుమానం నిజమండి. వాడు వద్దన్న మందు నేనే కలిపేను. అమ్మ మీద దొంగ ఒట్టు పెట్టేను. వాడు అడుగుతుంటే, అన్నీ తెలిసి తల ఊపేను. క్షమించాల్సింది వాడు. నేను కాదు" అన్నాను. వచ్చి కూర్చున్నాను. పక్కావిడ ఈసారి నా చెయ్యి పట్టుకోలేదు. మగవాళ్ళ వైపు వాడు తల దించుకుని ఉన్నాడు, మొహం కనిపించలేదు.

మధ్యాహ్నం రాడేమో అనుకున్నాను. వచ్చాడు. క్యారేజీ విప్పి తన అన్నం తను తిన్నాడు. తిన్నాక లేచి వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఆవాల డబ్బా ఏదండి?"

తీసి ఇచ్చాను. పళ్ళెంలో గుమ్మరించి, వేలితో ఆవాలన్నీ అటూ ఇటూ జరిపి చూశాడు. డబ్బా అడుగున చూశాడు. మళ్ళీ పోసేసి నా చేతికిచ్చాడు. "నూరండి. నేను చూస్తాను" అన్నాడు, ముక్కాలిపీట లాక్కుని కూర్చుని.

ఆవాలు నానడానికి అరగంట పట్టింది. ఆ అరగంటా వాడు పీట మీంచి లేవలేదు. ఇంట్లో ఉన్న రెండు అరటికాయలు తరిగి ఉడకబెట్టాను. నూరుతుంటే ఘాటు లేచి నా కళ్ళంట నీళ్ళు కారాయి, ఆవ వల్లేనని నాకూ నమ్మకం లేదు. కూర దించి కలిపాను. వాడు కడిగిన గిన్నె నా ముందుకి జరిపాడు. రెండు గరిటెలు వేశాను. మూత బిగించుకుని, "ఇంటికి పట్టుకెళ్తానండి" అని వెళ్ళిపోయాడు.

మరుసటి ఆదివారం ఆ గిన్నె తోమి తెచ్చాడు. తిన్నాడో, దారిలో కాలవలో పారబోశాడో, తోమిన గిన్నె చూస్తే తెలియదు. కూర ఎలా ఉందని అడగడానికి మాట నాలుక చివరిదాకా వచ్చింది. అడగలేదు. ఆవాలు పళ్ళెంలో పోసి వాడి ముందు పెట్టాను.